ఎవరూ తరమకుండానే పరుగు

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. హన్మకొండలో ఉంటాను. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. పోయిన ఆగస్టులో హైదరాబాద్‌లో మా తమ్ముడు హాఫ్ మారథాన్ పరుగెత్తుతున్నాడంటే తెల్లవారకముందే చూడటానికి వెళ్లాను. నాకంటే పెద్దవాళ్లు, నాకంటే లావుగా ఉన్నవాళ్లు కూడా చెమటలు కక్కుతూ, నవ్వుతూ పోతున్నారు. అరవై దాటిన ఒకావిడ పంజాబీ డ్రెస్సులో ఫ్లైఓవర్ ఎక్కుతుంటే చూసి నాకు ఒళ్లు పులకరించింది. వచ్చే ఆగస్టుకు నేనూ పూర్తి మారథాన్ పరుగెత్తాలని అక్కడే అనుకున్నాను. సంక్రాంతి సెలవుల్లో మొదలుపెట్టి, సుబేదారి ఆర్ట్స్ కాలేజీ మైదానంలో రోజూ మూడు కిలోమీటర్లు పరుగెత్తుతున్నాను. రెండో కిలోమీటరుకే ఊపిరి అందడం లేదు. వారం రోజులుగా మోకాలి కింద ముందువైపు ఎముక నొప్పి పెడుతోంది. మావారు "నిన్నెవరు తరుముతున్నారు?" అని నవ్వుతారు. అత్తగారు మోకాళ్లు అరిగిపోతాయని, గర్భసంచి జారుతుందని భయపెడుతున్నారు. ఐదున్నరకు మైదానంలో ఉంటే, ఏడింటికల్లా పిల్లల డబ్బాలు సర్దలేక సతమతమవుతున్నాను. ఇదివరకు ఇలాగే ఉత్సాహపడి హార్మోనియం కొన్నాను, తరువాత యోగా చాప కొన్నాను. రెండూ అటక మీదున్నాయి. ఇదీ అంతేనా? ఆగస్టుకు సాధ్యమేనా? షూస్ ఎంతలో కొనాలి? (పేరు వద్దు, హన్మకొండ)

సమాధానం:

టీచర్ గారూ,

ఆగస్టు సంగతి ముందే చెప్పేస్తాను. లేకపోతే మిగతాదంతా మీరు ఆ జవాబు ఎక్కడుందా అని వెతుక్కుంటూ చదువుతారు. ఈ ఆగస్టుకు పూర్తి మారథాన్ వద్దు. అదే రోజుల్లో, అదే ఊళ్లో పది కిలోమీటర్ల పరుగు కూడా ఉంటుంది. దానికి పేరు ఇవ్వండి. పూర్తి దూరాన్ని వచ్చే ఏడాది ఆగస్టుకు పెట్టుకోండి, అదీ మధ్యలో ఒక హాఫ్ మారథాన్ సుఖంగా పూర్తయితేనే.

నిరుత్సాహపడకండి. లెక్క మీరే చూడండి. పూర్తి మారథాన్ 42.195 కిలోమీటర్లు. హన్మకొండలో బయలుదేరి హైదరాబాద్ దారి పడితే స్టేషన్ ఘన్‌పూర్ దాటి, జనగామ వైపు ఇంకా కొంత దూరం వెళ్లాలి. మీ తమ్ముడు పరుగెత్తింది అందులో సగం. మీరిప్పుడు మూడు కిలోమీటర్ల దగ్గరున్నారు, ఆ మూడూ నొప్పితో. పైగా మీరు ఎంచుకున్న పోటీ కూడా మెత్తనిదేమీ కాదు. నెక్లెస్ రోడ్డులో పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగిసే ఆ దారిలో ఎక్కడం, దిగడం ఎక్కువ. ఆగస్టు గాలిలో తేమ ఉంటుంది కనుక చెమట ఒంటి మీద ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. ఇతర ఊళ్లలో చలికాలంలో చక్కగా పరుగెత్తి వచ్చినవాళ్లకు కూడా అక్కడ సమయం పెరుగుతుంది. మొదటి మారథాన్‌కు అలాంటి దారి పెట్టుకున్నప్పుడు కనీసం ఏడాదిన్నర గడువు ఇచ్చుకోవడం పిరికితనం కాదు.

ఇక మీకు ఒళ్లు పులకరించిన ఆ క్షణం గురించి. ఫ్లైఓవర్ ఎక్కుతున్న ఆ పెద్దావిడను మీరు చూసింది బహుశా రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల వెనక ఆవిడ ఎన్ని తెల్లవారుజాముల్లో లేచిందో మీకు కనబడలేదు. చూసినవాళ్లకు కనబడేది ఎప్పుడూ చివరి మెట్టే. ఫౌజా సింగ్ కథ కూడా అందరూ అలాగే చెప్పుకుంటారు. 89 ఏళ్లకు లండన్ మారథాన్ పరుగెత్తాడు, 2011లో నూరేళ్ల వయసులో టొరంటోలో 8 గంటల పైచిలుకు సమయంలో పూర్తి చేశాడు, చూశారా, వయసుదేముంది అంటారు. జన్మ ధ్రువీకరణ పత్రం లేదని గిన్నిస్ వాళ్లు ఆయన రికార్డును ఒప్పుకోలేదు కానీ, 1911లో పంజాబ్ పల్లెలో పుట్టిన పిల్లాడికి ఆ పత్రం ఎవరిస్తారు? ఆ కథలో మనం దాటవేసే భాగం వేరే ఉంది. జలంధర్ దగ్గర పొలం దున్నుకున్న రైతు ఆయన. బతుకంతా నడిచిన కాళ్లవి. 1994లో చేతికందిన కొడుకు పోయాక, ఆ దుఃఖంలో కాలు నిలవక నడకను, పరుగును పట్టుకున్నారు. లండన్ మారథాన్ అప్పటికి ఇంకా ఆరేళ్ల దూరంలో ఉంది. మీ ప్రేరణ గొప్పదే. పోటీ తేదీ ఖరారు చేసే పని మాత్రం దానికి అప్పగించకండి.

మీ ఎముక నొప్పికీ దీనికీ నేరుగా సంబంధముంది. పరుగు మొదలుపెట్టిన నాలుగైదు వారాలకే గుండె, ఊపిరితిత్తులు దారిలో పడతాయి. ఒళ్లు తేలికైనట్టనిపిస్తుంది, ఇంకాస్త దూరం పోదామనిపిస్తుంది. ఎముకలకూ, కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే టెండన్లకూ అంత తొందర లేదు. వాటికి నెలలు పడుతుంది. కొత్త బరువు పడ్డప్పుడు ఎముక ముందు తనలో పాత భాగాన్ని కొంత తొలుచుకుని, ఆ తరువాత కొత్తది పోసుకుంటుంది. అంటే మధ్యలో కొన్ని వారాలు మునుపటికన్నా బలహీనంగా ఉంటుంది. స్లాబు పోసిన రెండో రోజుకే రాయిలా కనిపిస్తుంది. అయినా మేస్త్రీ సెంట్రింగ్ తీయనివ్వడు, రోజూ నీళ్లు కొట్టిస్తాడు. మీరు మూడో వారానికే సెంట్రింగ్ తీసేశారు. రోజూ పరుగెత్తడం వల్ల ఎముకకు పోసుకునే వ్యవధి దొరకలేదు.

ఈ నొప్పిని ఇవాళే ఒకసారి పరీక్షించుకోండి. కాలి ముందు ఎముక లోపలి అంచు వెంబడి వేలితో నొక్కుతూ రండి. జానెడు పొడవునా నొప్పిగా, పచ్చిగా ఉంటే అది కొత్తవాళ్లకు మామూలుగా వచ్చేదే. పరుగు ఆపి, నొప్పి లేనంతవరకు నడుస్తూ రెండు వారాలుంటే చాలావరకు సర్దుకుంటుంది. అలా కాకుండా రూపాయి బిళ్లంత చోట, సరిగ్గా అక్కడే, వేలు పెడితే ప్రాణం పోయేట్టుంటే, ఒంటికాలి మీద గెంతితే నొప్పి పెరిగితే, రాత్రి పడుకున్నప్పుడు కూడా సలుపుతుంటే, అది ఎముకలో సన్నని బీట కావచ్చు. అప్పుడు ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. మొదటి వారాల్లో ఎక్స్‌రేలో ఆ బీట కనబడకపోవచ్చు. ఫిల్ము బాగుందన్నారు కదా అని మర్నాడు మైదానానికి వెళ్లకండి. నొప్పి తగ్గలేదని మళ్లీ డాక్టరుకే చెప్పండి.

వారానికి పది శాతం కంటే దూరం పెంచకూడదనే సూత్రాన్ని మీ తమ్ముడు ఈపాటికి చెప్పే ఉంటాడు. దాన్ని వేదవాక్కులా పట్టుకోనక్కర లేదు. నెదర్లాండ్స్‌లో గ్రోనింగెన్ పరిశోధకులు కొత్త పరుగరులను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఆ పది శాతం పద్ధతిలో నెమ్మదిగా, రెండో జట్టుకు మామూలుగా శిక్షణ ఇచ్చి చూశారు. రెండింట్లోనూ దెబ్బలు తగిలినవాళ్లు ఇంచుమించు ఒకే నిష్పత్తిలో తేలారు, ఐదుగురిలో ఒకరు. కాలు చెప్పే మాట సూత్రం కన్నా నమ్మకమైనది. నిన్నటి నొప్పి ఇవాళ పొద్దున మంచం దిగేటప్పుడు ఇంకా ఉందా, లేదా? ఉంటే ఆ రోజు నడక.

ఊపిరి అందకపోవడానికి కారణం వయసు కాదు, మీరు వేగంగా పరుగెత్తుతున్నారు. "నేనా, వేగంగానా?" అంటారు. అవును, మీ ప్రస్తుత శక్తికి అది వేగమే. మొదటి రోజు నుంచి ఎవరో చూస్తున్నట్టు పరుగెత్తడం అందరూ చేసేదే. మీరు తెలుగు టీచర్ కాబట్టి మీకొక కొలత చెబుతాను. పరుగెత్తుతూ, క్లాసులో చెప్పినట్టే గొంతెత్తి ఒక ఆటవెలది చదవండి. నాలుగు పాదాలూ విరుపు తప్పకుండా వస్తే వేగం సరిపోయింది. రెండో పాదం మధ్యలో గుటక పడితే నెమ్మదించండి. సీసపద్యం మాత్రం ఎత్తుకోకండి, దానికి ఇంకో ఏడాది ఆగాలి. పక్కన నడిచేవాళ్లు మిమ్మల్ని దాటిపోయినా సరే, ఆ వేగమే మీది.

ఇది నా సొంత కనిపెట్టుడేమీ కాదు. న్యూజిలాండ్‌లో ఆర్థర్ లిడియార్డ్ అనే శిక్షకుడుండేవాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఆయన శిష్యులు పీటర్ స్నెల్, ముర్రే హాల్బర్గ్ ఒకే రోజు బంగారు పతకాలు గెలిచారు. అంతటి మనిషి తరువాత గుండె జబ్బు మనుషులను, పొట్టలు పెరిగిన వ్యాపారులను పోగేసి, ఆక్లాండ్‌లో మాట్లాడుకుంటూ పరుగెత్తే సంఘం పెట్టించాడు. అమెరికా నుంచి బిల్ బోవర్‌మన్ అనే పేరున్న కోచ్ 1962 చివర్లో ఆయన్ను చూడటానికి వెళ్లాడు. అప్పటికి యాభై దాటినా తాను గట్టిగానే ఉన్నాననుకునేవాడు. లిడియార్డ్ ఒక ఆదివారం ఆయన్ను ఆ సంఘంతో పరుగుకు పంపితే, కాసేపటికే వెనకబడ్డాడు. డెబ్బై దాటిన ఒక పెద్దాయన జాలిపడి ఆగి, కబుర్లు చెబుతూ ఆయనతో పాటు నెమ్మదిగా వచ్చాడట. బోవర్‌మన్ ఇంటికి వెళ్లి తన ఊళ్లోవాళ్లందరికీ ఆ నెమ్మది పరుగు నేర్పించాడు. జాగింగ్ అమెరికాలో ఇంటింటి మాట కావడంలో ఆ పర్యటనకు పెద్ద పాత్రే ఉంది.

కాబట్టి నొప్పి పోయాక ఇలా మొదలుపెట్టండి. వారానికి మూడు రోజులే, రోజు విడిచి రోజు. ఐదు నిమిషాలు నడక. తరువాత ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, అలా ఏడుసార్లు. మళ్లీ ఐదు నిమిషాలు నడిచి ఇంటికి. అరగంటలో పని అయిపోతుంది. ఇంతేనా అనిపిస్తుంది, అనిపించాలి కూడా. పది రోజులకోసారి పరుగు వంతు కాస్త పెంచుతూ, నడక వంతు తగ్గిస్తూ పొండి. మే నెలాఖరుకు ఐదు కిలోమీటర్లు ఆగకుండానో, మధ్యలో నాలుగు నడకలతోనో పూర్తయితే మీరు దారిలో ఉన్నట్టే. ఆ తరువాత మూడు రోజుల్లో ఒక రోజు, ఆదివారం అనుకోండి, దూరాన్ని కొద్దికొద్దిగా ఎనిమిదికి, తొమ్మిదికి చేర్చండి. నడుస్తూ పరుగెత్తితే పరుగు కాదనే మాట నమ్మకండి. 1972 ఒలింపిక్స్‌లో పది వేల మీటర్లు పరుగెత్తిన జెఫ్ గాలోవే దశాబ్దాలుగా కొత్తవాళ్లకు నేర్పింది ఆ పద్ధతే.

పరుగులేని రోజుల్లో రెండు పనులు చేయండి. మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి మడమలు పైకెత్తి, నెమ్మదిగా దించడం. ఇది పిక్కలకు. ఇంకొకటి గుంజీళ్లు. చెవులు పట్టుకోనక్కర లేదు, మిగతా పద్ధతి మీకు తెలిసిందే.

ఇప్పుడు అత్తగారు. ఆవిడ మాటను కొట్టిపారేయకండి, అది ఆవిడ ఒక్కరి మాట కాదు. మోకాళ్ల సంగతి మొదట. లక్ష మందికి పైగా మనుషుల వివరాలున్న పాత అధ్యయనాలను కలిపి 2017లో ఒక విశ్లేషణ వచ్చింది. సరదాగా, ఆరోగ్యం కోసం పరుగెత్తేవాళ్లలో మోకాలి, తుంటి కీళ్ల అరుగుదల 3.5 శాతం మందిలో కనిపించింది. పరుగెత్తకుండా కూర్చుని ఉండేవాళ్లలో 10.2 శాతం. పోటీల కోసమే బతికే అగ్రశ్రేణి పరుగరుల్లో 13.3 శాతం. మీరు మొదటి రకం. పరుగే వాళ్ల కీళ్లను కాపాడిందని ఈ అంకెలతో తేల్చలేం, కీళ్లు బాగున్నవాళ్లే పరుగెత్తుతూ ఉండి ఉండవచ్చు. కానీ సరదాగా పరుగెత్తితే మోకాళ్లు అరిగి తీరతాయనే భయానికి మాత్రం ఇందులో ఆధారం లేదు.

గర్భసంచి భయమైతే ఒకప్పుడు ప్రపంచాన్ని నడిపిన పెద్దలందరిదీ. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్లు 800 మీటర్లు పరుగెత్తి అలసిపోయారని గగ్గోలు పెట్టి, ఆ పోటీని 1960 దాకా ఎత్తేశారు. మగవాళ్లు అలసిపోతే దాన్ని పోరాటం అన్నారు, అది వేరే సంగతి. 1967లో కేథరీన్ స్విట్జర్ అనే ఇరవై ఏళ్ల విద్యార్థిని 261 నంబరు కట్టుకుని బోస్టన్ మారథాన్ పరుగెత్తుతుంటే, నిర్వాహకుడొకాయన వెంటపడి ఆ నంబరు లాక్కోబోయాడు. ఆమె పూర్తిచేసింది. ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు మారథాన్ పెట్టడానికి 1984 దాకా పట్టింది. అంటే మీ చిన్నతనానికి కాస్త ముందు వరకు కోట్లూ టైలూ కట్టుకున్న పెద్దమనుషులు మీ అత్తగారి మాటే మాట్లాడుతుండేవారు. పరుగెత్తితే గర్భసంచి ఊడిరాదు. అయితే ఆవిడ భయంలో తీసిపారేయకూడని గింజ ఒకటుంది. కాన్పులైన ఆడవాళ్లలో కటి కింది కండరాలు వదులై, తుమ్మినా, పరుగెత్తినా మూత్రం చుక్కలుగా జారడం మామూలు. సిగ్గుపడి చాలామంది పరుగే మానేస్తారు. ఆ కండరాలను బిగించే వ్యాయామాలున్నాయి, బాగా పనిచేస్తాయి. మీకు ఆ ఇబ్బంది గానీ, కింద ఏదో బరువుగా దిగుతున్నట్టు గానీ ఉంటే స్త్రీ వైద్యురాలికి చూపించుకుని, తరువాత పరుగెత్తండి.

డాక్టరు దగ్గరికి ఎలాగూ వెళతారు కాబట్టి బీపీ, షుగర్, ఈసీజీతో పాటు హిమోగ్లోబిన్, ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేయించండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. రెండో కిలోమీటరుకే ఆయాసం రావడానికి వేగం ఒక కారణమైతే, రక్తం తక్కువ కావడం ఇంకో కారణం కావచ్చు. అది మందులతో సరయ్యే పని. పట్టుదల పెంచితే సరయ్యేది కాదు.

ఉత్తరమంతా రెండుసార్లు చదివాక నాకు తోచింది, మీ అసలు చిక్కు మోకాలిలో లేదు, పొయ్యి దగ్గరుంది. ఎముక గురించి ఒక్క వాక్యం రాశారు, అత్తగారి గురించి ఒక్క వాక్యం రాశారు, డబ్బాల గురించి కూడా ఒక్క వాక్యమే రాశారు, అందులోనే "సతమతం" అన్నారు. మన ఇళ్లలో నలభై దాటిన ఆడవాళ్లు మొదలుపెట్టిన పనులు అటకెక్కడానికి బద్ధకం కారణమని నేననుకోను. పొద్దున ఐదు నుంచి ఏడు దాకా ఉన్న సమయం వాళ్లది కాదు. ఆ రెండు గంటలు ఇంటివి. మీరు హార్మోనియం వాయించుకోవడానికైనా ఆ ఇంటి నుంచే గంట అడిగి తీసుకోవాలి. అడగకుండా మీ నిద్రలోంచి కోసుకుంటే నెల రోజులు నడుస్తుంది, ఆ తరువాత ఒళ్లు మొరాయిస్తుంది. నిద్ర తగ్గితే ఎముక అతకదు కూడా.

కాబట్టి "ఎవరు తరుముతున్నారు?" అని నవ్వే మీ వారితో వాదించకండి, ఒక పని అప్పగించండి. మంగళ, గురు, ఆదివారాలు. మంగళ, గురువారాల్లో డబ్బాలు ఆయనవి. ఉప్మా చేస్తారో, అటుకులు చేస్తారో, రాత్రి అన్నం పులిహోర కలుపుతారో ఆయన ఇష్టం. మొదటి వారం ఉప్పు ఎక్కువవుతుంది. పిల్లలు మొహం మాడుస్తారు. మీరు మాత్రం తిరిగొచ్చి దాన్ని సరిచేయకూడదు. సరిచేశారంటే మూడో వారానికి ఆ పని మళ్లీ మీదే. ఇది సాయం అని కూడా అనకండి, వారానికి రెండు పూటల వంతు, అంతే. ఆయన నవ్వు వెనక వెటకారం లేదనే నాకనిపిస్తోంది. తోడు రమ్మని అడిగి చూశారా? మైదానంలో ఆయన నడుస్తుంటారు, మీరు చుట్లు కొడుతుంటారు. అలా వస్తే మాత్రం డబ్బాల వంతు ముందు రాత్రే ఇద్దరూ కలిసి తేల్చుకోవాలి.

హార్మోనియం, యోగా చాప గురించి మీరు పడుతున్న సిగ్గు అనవసరం. వాటిని కొన్నది ఒక ఊపులో, ఇప్పుడున్నదీ ఊపే. మూడోసారి ఊపు రాదని కాదు, పోదని కాదు. వస్తుంది, పోతుంది. నాలుగో నెలలో, ముఖ్యంగా వడగాలుల రోజుల్లో, తప్పకుండా పోతుంది. అప్పుడు మిమ్మల్ని మైదానానికి తీసుకెళ్లేది ఆ ఫ్లైఓవర్ మీది ఆవిడ కాదు. మంగళవారం ఐదున్నరకు గేటు దగ్గర మీకోసం చూస్తుండే మనిషి. ఆ మైదానంలో రోజూ నడిచే ఆడవాళ్లలో ఒకరిని స్నేహం చేసుకోండి. మీ బడిలో ఇంకో టీచర్‌ను లాగండి. విద్యార్థులు చూస్తారని దిగులు వద్దు. ఒకరిద్దరు పదో తరగతి అమ్మాయిలు మీతో చేరినా ఆశ్చర్యం లేదు. పరుగు వీడియోలు మాత్రం తగ్గించండి. అవి చూసిన రాత్రి చాలా పరుగెత్తినట్టుంటుంది, తెల్లారి లేవబుద్ధి కాదు.

మే నెలలో మిమ్మల్ని మీరు ఒక మాట అడగండి. ఆగస్టులో పోటీ లేదని, పతకం లేదని, ఫొటో లేదని చెబితే, రేపు పొద్దున వెళతానా? వెళతాననిపిస్తే వచ్చే ఏడాది మీ పూర్తి మారథాన్ ఖాయం. వెళ్లననిపిస్తే సంతోషంగా నడకకు మారిపోండి. నడక తక్కువదేమీ కాదు. పరుగు అందరికీ పడాలని ఎక్కడా రాసి లేదు.

ఎండల సంగతి మీకు నేను చెప్పాలా? ఓరుగల్లు ఏప్రిల్, మే ఎలా ఉంటాయో తెలుసు కదా. సూర్యుడు రాకముందే ముగించండి. వేడికి ఒళ్లు అలవాటు పడటానికి పది పద్నాలుగు రోజులు పడుతుంది, ఆ రోజుల్లో ఇంకా నెమ్మదిగా పొండి. తల తిరిగినా, ఒళ్లు గగుర్పొడిచి చలిగా అనిపించినా ఆ పూటకు చాలు. నీళ్లు దాహానికి తగినన్ని తాగండి, పోటీ పడి తాగకండి. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే వందకు 13 మందిలో సోడియం ఉండాల్సిన దానికన్నా పడిపోయి కనిపించింది, నీళ్లు అతిగా తాగడమే ప్రధాన కారణం. మనకు ఉప్పేసిన పల్చటి మజ్జిగ ఉండగా బెంగ లేదు. తిండిలో పెద్ద మార్పులేమీ అక్కర లేదు. అరగంట పరుగుకు ముందు ఒక అరటిపండు చాలు, వచ్చాక గుడ్డో, పప్పో కడుపు నిండా తినండి. బరువు తగ్గడం కోసం మాత్రం పరుగెత్తకండి. కిలోమీటరుకు సుమారు మీ బరువెంతో అన్ని కేలరీలు ఖర్చవుతాయి. ఐదు కిలోమీటర్లు పరుగెత్తి వచ్చి ఒక మసాలా దోసె తింటే లెక్క సరి.

చీకట్లో రోడ్డు మీద పరుగెత్తాల్సి వస్తే వాహనాలకు ఎదురుగా, లేత రంగు బట్టలతో, చెవుల్లో పాటలు లేకుండా వెళ్లండి. ఫౌజా సింగ్ 2025 జులైలో సొంత ఊరి దగ్గర రోడ్డు మీద వాహనం ఢీకొనే పోయారు. అంతకాలం నిలిచిన కాళ్లు కూడా రోడ్డుకు లోకువే. మైదానం ఉండగా రోడ్డు ఎందుకు? కుక్క వెంటపడితే ఆగి, దాని వైపే తిరిగి, కళ్లలోకి చూడకుండా నెమ్మదిగా వెనక్కి నడవండి. పరుగెత్తితే అదీ పరుగెత్తుతుంది. కరిస్తే పావుగంట సబ్బుతో కడిగి, ఆ రోజే టీకా వేయించుకోండి.

ఇక షూస్. ధర గురించి అడిగారు గానీ, ధర కన్నా సైజు ముఖ్యం. సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదాలు కొంచెం ఉబ్బి ఉంటాయి. పరుగుకు వేసుకునే సాక్సే వేసుకుని చూడండి. నిలబడితే పొడవాటి వేలి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. దుకాణంలో నాలుగడుగులు పరుగెత్తండి, ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. ఎక్కడా రాసుకోకుండా, వేసుకున్న క్షణం నుంచే హాయిగా ఉన్న జత మీది. అలవాటైతే సరిపోతుందని అమ్మేవాళ్లు చెప్పే జత మీది కాదు. కార్బన్ పలక ఉన్నవి, పతకాలవాళ్లు వేసుకునేవి మీకు వద్దు. మిగిలిన డబ్బుతో మంచి స్పోర్ట్స్ బ్రా కొనుక్కోండి, దాని అవసరం షూస్‌కు తీసిపోదు. ఒక జత ఐదు వందల నుంచి ఎనిమిది వందల కిలోమీటర్ల దాకా పనిచేస్తుంది కనుక, మీరిప్పుడు కొన్నవి ఆగస్టు దాటాక కూడా ఉంటాయి. ఆగస్టుకు మాత్రం కొత్తవి కొని ఆ రోజే తొడుక్కోకండి. పది కిలోమీటర్లకు పేరు ఇచ్చే పని మీ తమ్ముడికి అప్పజెప్పండి, అతను 42 కిలోమీటర్ల దగ్గర గీత పెట్టలేదు కదా అని ఫారం మీరు ఒకసారి చూసుకోండి.